దగ్గరి కొండలు



వేసవి సెలవులు అయిపోయాయి. ఊటీ వెళ్ళొచ్చినవాళ్ళు ఊటీ ఫొటోలూ, అరకు వెళ్ళొచ్చినవాళ్ళు అరకు ఫొటోలూ చూపిస్తున్నారు. "ఎంత బాగుందో వదినా, అచ్చం బొమ్మ గీసినట్టే ఉంది" అంటున్నారు. చూసి మనమూ సంతోషిస్తున్నాం. అయితే నాదొక చిన్న సందేహం. మనం కాపురం చేస్తున్న ఊరు, పాల ప్యాకెట్టుకనో కూరలకనో రోజూ నడిచే వీధి, ఆ వీధి చివరి గుట్ట, ఇవెప్పుడైనా మనకి బొమ్మ గీసినట్టు కనిపించాయా? పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, ఇంటి ముందు గుట్ట బొమ్మకి పనికిరాదనే అనుకుంటాం.

ఈవేళ నేను చెప్పబోయేది అలా అనుకోని కొందరి సంగతి. వాళ్ళలో ఎక్కువమంది పంతుళ్ళే. పగలు చేతిలో సుద్దముక్క, తీరిక దొరికితే కుంచె. బొమ్మకోసం ఎక్కడికో పోలేదు. ఉన్న ఊరినే చూశారు.

ముందు సిద్దిపేట వెళ్దాం. మన జూబిలీ బస్ స్టేషన్లో కరీంనగరు బస్సెక్కితే అల్వాల్, హకీంపేట, శామీర్‌పేట దాటి సుమారు వంద కిలోమీటర్లు. పాత మెదక్ జిల్లాలో ఉండేది, 2016 నుంచి తానే ఒక జిల్లా అయింది. ఆ ఊళ్ళో 1925లో పుట్టారు కాపు రాజయ్యగారు. హైదరాబాదు వచ్చి చిత్రకళ నేర్చుకున్నారు. నేర్చుకుని మళ్ళీ తన ఊరికే వెళ్ళిపోయి సర్కారు బడిలో డ్రాయింగు మాస్టారుగా పనిచేశారు.

మన బళ్ళలో డ్రాయింగు మాస్టారికి ఉండే మర్యాద ఏపాటిదో మీకు తెలియంది కాదు. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆ క్లాసులో గొడవ కాకుండా చూడ్డానికి పంపించే మనిషి ఆయన. పరీక్షలు దగ్గరపడితే మొట్టమొదట పోయేది డ్రాయింగు పీరియడే. అలాంటి ఉద్యోగంలో ఉంటూ, ఉన్న ఊరు వదలకుండా, దేశమంతా చెప్పుకునే చిత్రకారుడు కావడం మాటలు కాదు. ఆయన తోటివాళ్ళు కొందరు బొంబాయి, ఢిల్లీ వెళ్ళిపోయి అక్కడ పేరు తెచ్చుకుంటున్న రోజులవి. 1963లో రాజయ్యగారు సిద్దిపేటలోనే లలిత కళా సమితి అని ఒకటి పెట్టి, తనచుట్టూ ఉన్న పిల్లలకి కుంచె పట్టుకోవడం నేర్పారు.

ఏం వేశారాయన? వడ్డెర స్త్రీలు, ఎల్లమ్మ జోగి, కోలాటం, బోనాలు, పంట పొలాలు... బొమ్మల పేర్లు వింటేనే సగం తెలిసిపోతుంది. బడికి వెళ్తూ వస్తూ దారిలో కనపడేవే అన్నీ. దేవుళ్ళ బొమ్మలు వెయ్యకపోలేదు, గోపికా కృష్ణులనీ వేశారు. కానీ నన్నడిగితే ఆయన గొప్పతనం వడ్డెర స్త్రీలలోనే ఉందంటాను. రాళ్ళు కొట్టే ఆడమనిషిని, నెత్తిన తట్ట పెట్టుకుని పోయేదాన్ని, కూర్చోబెట్టి గౌరవంగా చూడాలని ఆయనకి తోచింది చూడండి, అదీ!

ఆ బొమ్మల తీరు ఎక్కడిదో కూడా చెప్పాలి. ఆ ప్రాంతంలో నకాషీవాళ్ళని ఉన్నారు. పొడుగాటి గుడ్డమీద కథంతా బొమ్మలుగా వేసి ఇస్తే, కథలు చెప్పేవాళ్ళు దాన్ని ఊరూరా విప్పి చూపిస్తూ పాడేవారు. పద్మశాలీలకి మార్కండేయ పురాణం, చాకలివారికి మడేలు పురాణం, ఇలా ఏ కులానికి ఆ కథ. ఇప్పుడు చేర్యాల బొమ్మలని ఎగ్జిబిషన్లలో మనం కొనుక్కునేవి అవే. ఆ చేర్యాల కూడా ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోనే ఉంది. ఆ గుడ్డ తయారుచెయ్యడం అచ్చం వంటింటి పనే. నేతగుడ్డకి బియ్యపు గంజి, తెల్ల సుద్దమన్ను, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపి పూత పూస్తారు. నలుపుకి దీపం మసి, తెలుపుకి గవ్వల పొడి, నీలానికి నీలిమందు, పసుపుకి పసుపే. వెనకంతా నిండు ఎరుపు, దానిమీద పెద్ద పెద్ద కళ్ళతో మనుషులు.

రాజయ్యగారు ఆ గీతనీ ఆ రంగునీ తీసుకుని, పురాణ పురుషుల చోట తన ఊరి మనుషుల్ని నిలబెట్టారు. కాలేజీలో నేర్చుకున్న విద్య ఒకవైపు, పక్క ఊరి నకాషీ ఇంట్లో ఉన్న విద్య ఒకవైపు. రెండోదాన్ని చిన్నచూపు చూడకపోవడమే ఆయన చేసిన పెద్ద పని. 2012 ఆగస్టులో పోయారు. అంతకు నెలరోజుల ముందే, అదే ఏడు జూలైలో, ఇంకొక పెద్దాయన పోయారు. ఆయన గురించి కాస్త ఆగి చెప్తాను.

డ్రాయింగు మాస్టారు బొమ్మలు వెయ్యడంలో వింతేముంది, అది ఆయన పనే కదా అంటారేమో. అయితే సైన్సు టీచరు సంగతి వినండి.

ఆవిడ మా వీధిలోనే ఉంటారు. ఇక్కడే ఒక హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరయ్యారు. పేరు చెప్పొద్దని ముందే మాట తీసుకున్నారు కనుక టీచరుగారనే అంటాను. ఆవిడకి బొమ్మలు వెయ్యడం ఎవరూ నేర్పలేదు. బోర్డుమీద గుండెకాయ, మందార పువ్వు నిలువుకోత, కంటి లోపలి పొరలు, ఇవన్నీ రంగు సుద్దముక్కలతో ఏడాదికి నాలుగు సెక్షన్లకి నాలుగుసార్లు వేసీ వేసీ చెయ్యి తిరిగింది. ఒక ఆదివారం పొద్దున్నే, వాళ్ళ అబ్బాయి పాత రంగుల పెట్టె, రెండు కుంచెలు, పరీక్ష అట్ట, నీళ్ళకి ఒక హార్లిక్స్ సీసా సంచిలో వేసుకుని, నేరేడ్‌మెట్ వైపు ఉన్న గుట్ట దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. ఆనాటి నుంచి అదే అలవాటు. ఆరింటికి వెళ్ళి ఏడున్నరకి వచ్చెయ్యాలి. ఎనిమిదింటికి అందరికీ టిఫిను కావాలి కదా మరి.

వీధిలో వింతగానే చూశారు. "రాళ్ళని చూడ్డానికి పొద్దున్నే తయారై పోతుందేమిటండీ మీ కోడలు?" అని ఎవరో వాళ్ళ అత్తగారిని అడిగారట. ఆ పెద్దావిడ "రాళ్ళే కదమ్మా, ఎదురు మాట్లాడవు" అన్నారట! కోడలిని వెనకేసుకొచ్చినట్టో, దెప్పినట్టో ఇప్పటికీ టీచరుగారికే తెలీదు. తడి బొమ్మలు ఆరడానికి మాత్రం ఆవిడే తన మంచంమీద చోటిచ్చేవారట.

నేను పదో తరగతితో చదువు ఆగినదాన్ని. సైన్సంటే నాకు బట్టీపట్టిన సూత్రాలే గుర్తు. బొమ్మల పేరుతో వాళ్ళింటికి వెళ్ళడం మొదలుపెట్టాక ఆవిడ దగ్గర నేర్చుకున్న సైన్సు బళ్ళో నేర్చుకున్నదానికంటే ఎక్కువ.

ఒకసారి అడిగాను. "టీచరుగారూ, దూరపు కొండలు నునుపంటారు. మీ బొమ్మలో దూరపు కొండ నున్నగానే కాదు, నీలంగా కూడా ఉందేం?"

"ఉన్నట్టే వేశానమ్మా. నువ్వే ఎప్పుడూ చూడలేదు" అన్నారు. మేడమీదికి తీసుకెళ్ళి చూపించారు. నిజమే, మౌలాలి గుట్ట దగ్గరినుంచి చూస్తే గోధుమరంగు, మేడమీదినుంచి ఆ పొద్దుటి వెలుతురులో చూస్తే బూడిద కలిసిన నీలం. మనకీ కొండకీ మధ్య ఎంత దూరముంటే అంత గాలి ఉంటుంది. సూర్యుడి వెలుతురులో ఉన్న రంగుల్లో నీలం వైపువి గాలిలో ఎక్కువగా చెదురుతాయి. ఆ చెదిరిన నీలం మన కంటికీ కొండకీ మధ్య పల్చటి తెరలా నిలబడుతుంది. ఎగుడుదిగుళ్ళన్నీ ఆ తెరలో కలిసిపోతాయి కనుకే నునుపు. మన పెద్దవాళ్ళు సామెతలో సగం సైన్సు చెప్పి ఊరుకున్నారన్నమాట. 1921లో సర్ సి.వి. రామన్ ఇంగ్లండునుంచి ఓడలో తిరిగొస్తూ సముద్రం ఇంత నీలమెందుకని ఆలోచించడం మొదలుపెట్టారట. ఆ ఆలోచన వెంటపడి వెళ్ళి వెళ్ళి 1930లో నోబెల్ బహుమతి దాకా చేరారు. నీలం రంగు అంత దూరం తీసుకెళ్ళగలదు!

రాయి రంగు కూడా అంతే. రాయంటే బూడిదరంగని మనం అనుకుంటాం. టీచరుగారు ఒక రాతిముక్క అరచేతిలో పెట్టి ఎండలో తిప్పి చూడమన్నారు. లేత గులాబి రంగు పలుకులున్నాయి, అది ఫెల్‌స్పార్. గాజుపెంకులా మెరిసేది క్వార్ట్‌జ్. నల్లగా తళతళలాడే చుక్కలు అభ్రకం. పెద్ద బండలమీద పైనుంచి కిందికి నల్లటి చారలుంటాయి చూశారా, అవి వాన నీళ్ళు జారిన దారులు. ఆ తడిలో నాచు పెరిగి, ఎండి నల్లబడుతుంది. అంటే వాన ఎటు పారిందో ఎండాకాలంలో కూడా రాయి చెప్తుందన్నమాట. ఇవన్నీ తెలిశాక ఆ రాయికి ఒట్టి బూడిదరంగు పులమడానికి చెయ్యి రాదు.

ఇంకో మాట. ఈ గుండ్లని ఇలా ఒకదానిమీద ఒకటి ఎవరు పేర్చారని చిన్నప్పుడు నేనూ అనుకునేదాన్ని. రాక్షసులు గోలీలాడారని మా అమ్మమ్మ చెప్పేది. ఎవరూ పేర్చలేదు. ఇవి 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్లు. భూమి లోపల కరిగి ఉన్న శిల నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. అందులో నిలువుగా, అడ్డంగా నెరియలు పడ్డాయి. ఆ నెరియల వెంట నీళ్ళు దిగి మూలలు తినేశాయి. పటికబెల్లం ముక్క నీళ్ళలో వేస్తే ముందు మూలలు కరిగి ముక్క గుండ్రమవుతుంది, అచ్చం అలాగే. తర్వాత చుట్టూ ఉన్న మెత్తటి మన్ను కొట్టుకుపోయి గుండ్లు బయటపడ్డాయి. అంటే ఉన్నచోటే మిగిలాయి తప్ప ఎక్కడినుంచీ దొర్లి రాలేదు. ఈ సికింద్రాబాదుకి సికందర్ జా పేరు పెట్టింది 1806లో. హుస్సేన్‌సాగర్ తవ్వింది 1562 ప్రాంతంలో. వాటిని మనం పాతవంటాం!

టీచరుగారి బొమ్మలన్నిటిలో నాకు నచ్చేది బొమ్మ కాదు, దాని వెనకవైపు. ప్రతి కాగితం వెనకా తేదీ, గంట, ఎటువైపు మొహం పెట్టుకుని కూర్చున్నారో ఆ దిక్కు, ఆకాశం ఎలా ఉందో అన్నీ రాసి ఉంటాయి. పిల్లల ప్రాక్టికల్ రికార్డులాగా. "చెరువు నీళ్ళు మూడో బండ దాకా." "వేపచెట్టు చిగురు, రాగి రంగు, ఆకుపచ్చ కాదు." బళ్ళో పిల్లలకి ఆవిడ ఎప్పుడూ చెప్పేది ఒకటేనట, రికార్డులో చూసింది రాయండి, పుస్తకంలో ఉన్నది రాయకండి అని. చేతిలో ఆకు పట్టుకుని కూడా పిల్లలు పుస్తకంలోని ఆకు బొమ్మే దించేస్తారట. తన బొమ్మలకీ అదే నియమం పెట్టుకున్నారు. చైత్రంలో వేప ఆకుపచ్చగా లేకపోతే లేనట్టే.

రంగుల గురించి ఆవిడ చెప్పిన ఒక సంగతి మనందరికీ పనికొచ్చేది. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుందని మనకి తెలుసు. పసుపు మరక పడ్డ చీరకి సబ్బు రుద్దితే ఎర్రబడడం చూసి కంగారుపడే ఉంటాం. రెండూ ఒకటే. సున్నంలో, సబ్బులో ఉన్న క్షార గుణానికి పసుపు రంగు మారుతుంది. ఆ చీరని ఉతికి ఎండలో ఆరేస్తే మరక పోతుంది, ఎందుకంటే పసుపు రంగు వెలుతురుకి ఆగదు. కాబట్టి చేర్యాల బొమ్మగానీ, పిల్లలు వేసిన రంగు బొమ్మగానీ కిటికీకి ఎదురుగా ఎండ తగిలేచోట తగిలించకండి. పక్క గోడకి తగిలిస్తే ఎక్కువకాలం నిలుస్తుంది.

ఆదివారం గంటన్నరలో ఏం బొమ్మలొస్తాయని మీరు అనుకోవచ్చు. ఇన్సులిన్ ఇంజక్షను తెలియని ఇల్లు ఇప్పుడు లేదు కదా. దాన్ని కనిపెట్టి 1923లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ కెనడాలో యూనివర్సిటీ ప్రొఫెసరు. సెలవు దొరికితే చాలు, ఎ.వై. జాక్సన్ అనే చిత్రకారుడైన స్నేహితుడితో కలిసి మంచులో కూర్చుని తన దేశపు పల్లెలూ, గుట్టలూ వేసేవాడట. లేబొరేటరీలో అంత పని ఉన్న మనిషి!

మగవాళ్ళకేం, బయటికి వెళ్ళి కూర్చుంటే కాఫీ అక్కడికే వస్తుంది అంటారా? సరే. మన తెలుగు ఇళ్ళలోకే రండి.

రాజమండ్రిలో దామెర్ల రామారావుగారి పేరు విన్నారు కదా. 1897లో పుట్టి, 1925 ఫిబ్రవరిలో మశూచికం వచ్చి 28 ఏళ్ళు నిండకుండానే పోయారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయనలోని కళని గుర్తించి బొంబాయి జె.జె. స్కూలుకి పంపించాడు. ఆ కూల్డ్రే కూడా నీటిరంగుల బొమ్మలు వేసేవాడు. చూశారా, ఇక్కడా ఒక పంతులే! రామారావుగారు గోదావరినీ, ఆ కొండలనీ, అక్కడి ఆడవాళ్ళ అలంకారాలనీ వేశారు. ఇదంతా పుస్తకాల్లో ఉంది. ఆయన చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు, భార్య సత్యవాణిగారు కూడా బొమ్మలు వేశారన్న సంగతి మాత్రం ఒక్క వాక్యంలో అయిపోతుంది. రాజమండ్రిలో ఆయన పేరున ఉన్న గ్యాలరీకి ఎప్పుడైనా వెళ్తే ఆ ఇద్దరి బొమ్మల కోసం అడిగి చూడండి. నూరేళ్ళ కిందట ఇంటి పని చూసుకుంటూ కుంచె పట్టిన ఆడవాళ్ళు వాళ్ళు.

రేడియో మనిషిని కనుక ఇంకొకరిని తలుచుకోకుండా ఉండలేను. 'చివరకు మిగిలేది' రాసిన బుచ్చిబాబుగారు ఇంగ్లీషు పాఠాలు చెప్పి, తర్వాత ఆకాశవాణిలో పనిచేశారు. చెట్లూ, చెరువులూ, పొలాలూ చాలా బొమ్మలుగా వేశారు. ఆయన 1967లో పోయారు. భార్య శివరాజు సుబ్బలక్ష్మిగారు కథలు రాశారు, నవలలు రాశారు, బొమ్మలు వేశారు. 95 ఏళ్ళు బతికి 2021లో బెంగుళూరులో పోయారు. ఆయన తర్వాత యాభై ఏళ్ళకి పైగా! ఆవిడని "బుచ్చిబాబుగారి భార్య" అనే పరిచయం చేసేవారు చాలామంది. నేనూ ఇప్పుడు అలాగే మొదలుపెట్టాల్సి వచ్చింది, ఏం చేస్తాం.

ఇందాక ఇంకొక పెద్దాయన గురించి చెప్తానన్నాను. కొండపల్లి శేషగిరిరావుగారు. 1924లో వరంగల్లు జిల్లా పెనుగొండలో పుట్టారు. శాంతినికేతన్ వెళ్ళి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. వచ్చి హైదరాబాదు కళాశాలలో ఎన్నో ఏళ్ళు చిత్రకళ బోధించారు. తెలుగుతల్లి బొమ్మ వేసినవారంటే చాలామందికి గుర్తొస్తారు. అయితే ఆయనకి మన బండరాళ్ళంటే మహా ఇష్టం. పురాణ కథలు, కావ్య నాయికలు వేసిన చేత్తోనే ఈ రాళ్ళనీ వేశారు. శకుంతలని వేస్తే చూడ్డానికి వందమంది వస్తారు. రాయిని వేస్తే ఎవరొస్తారు? అయినా వేశారు.

ఆయన వేసిన రాళ్ళలో ఎన్ని ఇప్పటికీ నిలబడి ఉన్నాయో ఆలోచిస్తే గుండె చివుక్కుమంటుంది. ఊరు పెరిగినకొద్దీ గుట్టలు కరిగిపోయాయి. 1996లో కొందరు కలిసి, ఈ రాళ్ళని కాపాడాలని 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంఘమే పెట్టుకోవాల్సి వచ్చింది. జనాన్ని రాళ్ళ దగ్గరికి నడిపించుకెళ్ళి చూపిస్తారు వాళ్ళు. దగ్గరి కొండని చూపించడానికి ఒక సంఘం!

టీచరుగారి గుట్టకీ ఆ గతే పట్టింది.

మొదట ఒక బోర్డు లేచింది. తర్వాత చుట్టూ రేకులు. ఆ తర్వాత కంప్రెసర్లు వచ్చాయి. మధ్యాహ్నం ఎర్రజెండా ఊపి ఈల వేసేవారు. మేం కిటికీ తలుపులు తీసి పెట్టుకునేవాళ్ళం, మూసి ఉంచితే అద్దాలు పగులుతాయని. ఢామ్మని చప్పుడు, అల్మారాలో స్టీలు గిన్నెలన్నీ ఒక్కసారి గలగలలాడేవి. పేల్చగా మిగిలిన ముక్కల్ని సుత్తెలతో కొట్టడానికి ఎక్కడెక్కడినుంచో మనుషులొచ్చారు. అందులో సగంమంది ఆడవాళ్ళే. చంటిపిల్లల్ని వేపచెట్టుకి ఉయ్యాల కట్టి పడుకోబెట్టి రాయి కొట్టేవారు. రాజయ్యగారి బొమ్మలోంచి లేచి వచ్చినట్టే ఉన్నారు. ఆ గుట్ట ఉంటే వాళ్ళకి ఆ రోజు కూలి లేదు. ఇది కూడా చెప్పకుండా గుట్ట పోయిందని ఏడవడం నాకు సరిగా అనిపించదు. మన ఇళ్ళ పునాదులూ, మన రోళ్ళూ, సన్నికళ్ళూ ఎక్కడివి మరి?

టీచరుగారు ఆ ఏడు నెలలూ ఆదివారాలు మానలేదు. రేకుల సందులోంచి కనిపించినంత మేర వేశారు. పద్దెనిమిదేళ్ళలో ఆ గుట్టకి వేసినవి ముప్ఫైకి పైగా ఉంటే, ఆ ఏడు నెలల్లోనే తొమ్మిది. ఒకదాంట్లో పై గుండు లేదు. ఒకదాంట్లో వేపచెట్టు లేదు. చిట్టచివరి కాగితంమీద అంతా ఆకాశమే. దాని వెనక "తూర్పు దిక్కు, ఆరుంబావు, మబ్బు లేదు, మౌలాలి కనిపిస్తోంది" అని రాసి ఉంది. అవును, మధ్యలో గుట్ట పోయాక అక్కడినుంచి మౌలాలి సూటిగా కనిపించడం మొదలుపెట్టింది, కొన్నాళ్ళు. తర్వాత ఆ చోట ఐదంతస్తుల అపార్ట్‌మెంటు లేచింది, అదీ పోయింది.

"కోపం రాలేదా టీచరుగారూ?" అన్నాను.

"వచ్చిందమ్మా. కోపంలో వేసిన మూడు బొమ్మలు చింపేశాను. ఉన్నదానికంటే ఎర్రగా వచ్చాయి" అన్నారు.

ఆ అపార్ట్‌మెంటులో మా ఆడపడుచువాళ్ళే ఒక ఫ్లాటు కొనుక్కున్నారు. పాతికేళ్ళు అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళు. గృహప్రవేశానికి నేనే పాలు పొంగించే గిన్నె పట్టుకెళ్ళాను. వాళ్ళ మనవరాలు ఐదో తరగతి చదువుతోంది. బళ్ళో 'మన పరిసరాలు' అని ఏదో ప్రాజెక్టు ఇచ్చారట, ఇక్కడ ముందు ఏముండేదని నన్నడిగింది. నేను దాన్ని టీచరుగారింటికి తీసుకెళ్ళాను. ఆవిడ బొమ్మలన్నీ తేదీల వరసన మంచంమీద పరిచారు. ఆ పిల్ల చాలాసేపు చూసి, "అమ్మమ్మగారూ, ఈ చెరువు మే నెల బొమ్మల్లో ప్రతి ఏడూ చిన్నదవుతోంది" అంది. పద్దెనిమిదేళ్ళుగా వేసినావిడ కూడా మూడో బండ, రెండో బండ అని విడివిడిగా రాసుకున్నారు తప్ప అలా వరసగా పెట్టి చూడలేదట. ఇద్దరూ కలిసి మే నెలవి ఏరి, ఏ ఏడు ఏ బండ దాకా నీళ్ళున్నాయో ఒక కాగితంమీద పట్టిక వేశారు. గుట్ట బొమ్మలు వెయ్యబోతే చెరువు లెక్క దొరికింది.

వెళ్ళేటప్పుడు ఆ పిల్లే చెప్పింది, వాళ్ళ అపార్ట్‌మెంటు సెల్లారులో ఒక మూల పెద్ద బండ మిగిలిపోయి ఉందని. తొలిచి తియ్యడానికి ఖర్చెక్కువని అలాగే వదిలేసి, చుట్టూ సిమెంటు పోసి, దానిపక్కన స్కూటర్లు పెడుతున్నారు. వాచ్‌మన్ భార్య దానిమీద వడియాలు ఎండబెట్టాలని చూసి, ఎండ రాక మానేసిందట.

పోయిన ఆదివారం టీచరుగారు ఆ సెల్లారులో స్టూలు వేసుకుని కూర్చున్నారు. ట్యూబ్‌లైటు వెలుతురులో ఆ రాయి ఏ రంగులో ఉంటుందో తేల్చుకోవడానికి ఆవిడకి గంటన్నర చాలలేదు. ఈ ఆదివారం మళ్ళీ వెళ్తానన్నారు.